కొత్త వెబ్‌సైట్ పెట్టాక గూగుల్‌లో మీ వ్యాపారం కనిపించడం లేదా? ముందు పాత లింకుల సంగతి చూడండి

పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు వంట చేసి పంపే క్యాటరింగ్ వ్యాపారం మీదనుకుందాం. ఎనిమిదేళ్ల కిందట చేయించిన వెబ్‌సైట్ ఉంది. చూడ్డానికి పాతబడింది, ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. అయినా ‘ఎల్‌బీ నగర్‌లో వెజ్ క్యాటరింగ్’ అని ఎవరైనా వెతికితే మొదటి పేజీలోనే వచ్చేది. రోజుకు నాలుగైదు ఫోన్లు దాని మీదే వచ్చేవి.

ఓ డిజైనర్‌ను పట్టుకుని కొత్త సైట్ చేయించారు. రంగులు బాగున్నాయి, ఫొటోలు బాగున్నాయి, బంధువులంతా మెచ్చుకున్నారు. మూడు వారాలు తిరిగేసరికి ఫోన్లు తగ్గాయి. నెల దాటేసరికి దాదాపు ఆగిపోయాయి. డిజైనర్‌ను అడిగితే ‘గూగుల్ అల్గారిథం మారింది సార్, మన చేతుల్లో లేదు’ అన్నాడు.

గూగుల్ అల్గారిథం మారుతూ ఉంటుంది, నిజమే. కానీ సైట్ మార్చిన వెంటనే ర్యాంకు పడిపోయిందంటే మొదట అనుమానించాల్సింది గూగుల్‌ను కాదు, ఆ మార్పు జరిగిన తీరును. చాలా సందర్భాల్లో కారణం అక్కడే దొరుకుతుంది. దాన్ని సరిదిద్దుకునే వీలూ ఉంటుంది.

గూగుల్ గుర్తుపెట్టుకునేది ఏమిటి?

మనకు వెబ్‌సైట్ అంటే ఒక దుకాణం. గూగుల్‌కు మాత్రం అది విడివిడి పేజీల చిరునామాల జాబితా. వీటినే యూఆర్ఎల్ అంటారు. మీ శాకాహార మెనూ పేజీకి ఒక చిరునామా, ఫొటోల పేజీకి ఇంకొకటి, ‘సీమంతం వంటలు’ అని మీరెప్పుడో రాసి మరిచిపోయిన పేజీకి మరొకటి. ఇన్నేళ్లలో ఎవరో ఫంక్షన్ హాలు వాళ్లు మీ సైట్‌కు ఇచ్చిన లింకు, జస్ట్‌డయల్‌లాంటి చోట్ల ఉన్న లింకు, వాట్సాప్‌లో తిరిగిన లింకు, ఇవన్నీ ఆ చిరునామాల మీదే ఉన్నాయి. మీ సైట్ సంపాదించుకున్న పేరంతా ఆ చిరునామాల ఖాతాలోనే జమ అయింది.

కొత్త సైట్ కట్టేటప్పుడు డిజైనర్ పేజీల పేర్లు మార్చేస్తాడు. ‘వెజ్ మెనూ’ అనే పేజీ కాస్తా ‘అవర్ సర్వీసెస్’ కింద మూడో పేజీ అవుతుంది. మీ కంటికి అదే మెనూ. గూగుల్‌కు మాత్రం పాత పేజీ చనిపోయింది, పరిచయం లేని కొత్త పేజీ ఒకటి పుట్టింది.

ఇల్లు మారేటప్పుడు పోస్టాఫీసుకు వెళ్లి, పాత ఇంటికి వచ్చే ఉత్తరాలు కొత్త చిరునామాకు పంపమని రాసిచ్చినట్టే ఇక్కడా చెప్పాలి. అలా చెబితే ఎంత పెద్ద మార్పయినా తట్టుకోవచ్చు. ట్విట్టర్ 2024 మే నెలలో తన చిరునామాను ఎక్స్ డాట్ కామ్‌కు మార్చుకుంది. అప్పటివరకు వార్తల్లో, బ్లాగుల్లో, పుస్తకాల్లో ఉన్న పాత ట్విట్టర్ లింకులు నొక్కితే తిన్నగా కొత్త చోటికే వెళ్లాయి. కోట్ల పేజీలున్న సంస్థే అలా మారగలిగినప్పుడు, 40 పేజీల క్యాటరింగ్ సైట్ మారలేకపోవడానికి కారణమేమీ లేదు.

ఏ మార్పుకు ఎంత ప్రమాదం?

అన్ని మార్పులూ ఒకటి కాదు. డిజైనర్ ‘సైట్ మారుస్తున్నాం’ అన్నప్పుడు ఏది మారుస్తున్నాడో అడగండి.

సైట్ ఉంచిన సర్వర్‌ను, అంటే హోస్టింగ్‌ను మాత్రమే మార్చి, పేజీల చిరునామాలు, అందులోని సమాచారం అలాగే ఉంటే ప్రమాదం తక్కువ. రంగులు, అమరిక మారినా పెద్దగా భయపడక్కర్లేదు. పేజీల చిరునామాలు మారితే జాగ్రత్త పడాలి. వెబ్‌సైట్ పేరే, అంటే డొమైనే మారితే ఇంకా ఎక్కువ. వ్యాపారం పేరు, డొమైన్, డిజైన్, లోపలి రాత అన్నీ ఒకే రాత్రి మారిస్తే, తర్వాత ర్యాంకు పడినప్పుడు దేని వల్ల పడిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. వీలైతే విడతలుగా మార్చండి. ముందు డొమైన్, కుదుటపడ్డాక డిజైన్. డిజైనర్లకు ఇది నచ్చదు, రెండుసార్లు పని. కానీ వ్యాపారం మీది.

ఎప్పుడు మార్చాలన్నదీ ముఖ్యమే. ఓ మోస్తరు సైట్‌లోని పేజీలను కొత్త చిరునామాలతో గుర్తించడానికి కొన్ని వారాలు పట్టవచ్చని గూగులే చెబుతోంది. ఆ కొన్ని వారాలు మీకు గిరాకీ లేని రోజులైతే మంచిది. క్యాటరింగ్, ఫంక్షన్ హాలు, పెళ్లి బట్టల వ్యాపారులకు మన పంచాంగమే చెబుతుంది: ఆషాఢంలోనో, మూఢం రోజుల్లోనో మార్చుకోండి. శ్రావణం ముహూర్తాలకు వారం ముందు సైట్ మార్చేవాళ్లను చూస్తే, భోజనాల వేళకు పొయ్యి మార్చినట్టు ఉంటుంది. ట్యూషన్ సెంటర్లయితే ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో ముట్టుకోకూడదు.

పాత సైట్ ఉండగానే చేయాల్సిన పని

ఈ పని నూటికి తొంభై మంది చేయరనిపిస్తుంది. ర్యాంకును కాపాడేది మాత్రం ఇదే.

గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఒక ఉచిత సేవ ఉంది. మీ సైట్‌ను గూగుల్ ఎలా చూస్తోందో అందులో కనిపిస్తుంది. ఏయే మాటలు వెతికి జనం మీ సైట్‌కు వచ్చారు, ఏ పేజీకి ఎన్ని క్లిక్కులు వచ్చాయి అన్నదంతా ఉంటుంది. గత 16 నెలల వివరాలు మాత్రమే దాస్తుంది కాబట్టి ఇంకా పెట్టుకోనివాళ్లు ఈరోజే పెట్టుకోవాలి. సైట్ మీదేనని నిరూపించడానికి డొమైన్ సెట్టింగుల్లో ఒక చిన్న కోడ్ పెట్టాలి, అంతే. అది మీ సొంత జీమెయిల్‌తో జరగాలి. డిజైనర్ జీమెయిల్‌తో చేస్తే రేపు అతను ఫోన్ ఎత్తకపోతే మీ లెక్కలు మీకు కనిపించవు.

అందులో ‘పెర్ఫార్మెన్స్’ దగ్గరికి వెళ్లి పేజీల జాబితాను, వెతికిన మాటల జాబితాను ఎక్సెల్‌గా దించుకోండి. ఒకసారికి 1000 వరుసల వరకు వస్తుంది. చిన్న వ్యాపారానికి అది సరిపోతుంది. చూస్తే ఆశ్చర్యపోతారు. మీరు గొప్పగా అనుకునే హోమ్ పేజీ కన్నా, ఎప్పుడో రాసిన ‘వంద మందికి ఎంత బియ్యం కావాలి’ లాంటి పేజీ ఎక్కువమందిని తెచ్చి ఉండొచ్చు. అలాంటి పేజీనే కొత్త డిజైనర్ ‘ఇది పాతది’ అని తీసేస్తాడు.

ఇప్పుడు ఆ ఎక్సెల్‌లో పాత చిరునామా పక్కన ఇంకో గడి పెట్టి, దానికి సరిపోయే కొత్త పేజీ చిరునామా రాయండి. పాత వెజ్ మెనూకు కొత్త వెజ్ మెనూ. పాత గ్యాలరీకి కొత్త గ్యాలరీ. సరిపోయే కొత్త పేజీ లేకపోతే రెండే దారులు: ఆ పేజీని కొత్త సైట్‌లో మళ్లీ పెట్టడం, లేదా అది ఇక లేదని ఒప్పుకోవడం. ఎవరికీ పనికిరాని పేజీ పోతే నష్టం లేదు. క్లిక్కులు తెచ్చే పేజీ పోకూడదు.

ఈ జాబితా తయారుచేయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. డిజైనర్ చేస్తాడులే అనుకోకండి. ఏ పేజీ వల్ల ఎలాంటి గిరాకీ వస్తుందో తెలిసింది మీకే. పాత సైట్ మొత్తానికి ఒక కాపీ కూడా తీయించి మీ దగ్గర ఉంచుకోండి.

డిజైనర్‌తో చెప్పాల్సిన ఒక్క అంకె: 301

పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్త చిరునామాకు మళ్లించడాన్ని రీడైరెక్ట్ అంటారు. అందులో రకాలున్నాయి. 301 అంటే ‘ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారింది’ అని చెప్పడం. 302 అంటే ‘తాత్కాలికంగా అక్కడుంది’ అని. పేజీ శాశ్వతంగా మారినప్పుడు 301 వాడాలి. ఇలా మళ్లించడం వల్ల పాత పేజీ సంపాదించుకున్న విలువ తగ్గదని గూగుల్ ప్రతినిధులు 2016లోనే చెప్పారు.

ఇక్కడ జరిగే తప్పులు దాదాపు అందరివీ ఒకేలా ఉంటాయి. మొదటిది, పాత పేజీలన్నింటినీ ఒకే దెబ్బతో హోమ్ పేజీకి మళ్లించడం. ఒక్క వరుస కోడ్‌తో అయిపోతుంది కాబట్టి డిజైనర్‌కు సులువు. సీమంతం వంటల కోసం వచ్చినవారికి హోమ్ పేజీ చూపిస్తే వెనక్కి వెళ్లిపోతారు. గూగుల్ కూడా అలాంటి మళ్లింపును ‘పేజీ లేదు’ అన్నట్టే లెక్కేస్తుంది. అందుకే ఏ పేజీకి ఆ పేజీ మళ్లించాలి.

రెండోది గొలుసు. 2019లో ఒకసారి, 2022లో ఇంకోసారి సైట్ మార్చి ఉంటే, మొదటి చిరునామా రెండోదానికి, అది మూడోదానికి పంపుతూ ఉంటుంది. ఆధార్‌లో చిరునామా మార్చుకోవడానికి ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కు తిప్పినట్టు. గూగుల్ రోబో పది మలుపుల వరకు వెంట వస్తుంది కానీ మూడు దాటకుండా చూసుకోమని సలహా ఇస్తోంది. అన్ని పాత చిరునామాలూ నేరుగా చివరి చిరునామాకే వెళ్లేలా పెట్టించండి.

మూడోది, ఆర్నెల్లకే రీడైరెక్టులు తీసేయడం. కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతోంది. నన్నడిగితే తీయాల్సిన అవసరమే లేదు. ఎప్పుడో అచ్చువేసిన పెళ్లి పత్రిక వెనక, పాత విజిటింగ్ కార్డు మీద మీ పాత లింకు ఉండొచ్చు.

పని అయ్యాక మీరే పరీక్షించండి. ఆ ఎక్సెల్‌లో బాగా క్లిక్కులు తెచ్చిన ఇరవై పాత చిరునామాలను ఒక్కొక్కటిగా ఫోన్‌లో తెరవండి. సరైన కొత్త పేజీకి వెళ్లాలి. ‘404’ అని వస్తే, అంటే పేజీ దొరకలేదని వస్తే, డిజైనర్‌కు అప్పటికప్పుడు ఆ స్క్రీన్‌షాట్ పంపండి.

కొత్త సైట్ తెరిచిన రోజు మరిచిపోయేవి

కొత్త సైట్ కడుతున్నప్పుడు అది పూర్తికాకముందే గూగుల్ చూడకుండా తలుపు వేసి ఉంచుతారు. ఆ తలుపు తీయడం మరిచిపోవడమే అన్నింటికన్నా ఖరీదైన మతిమరుపు. వర్డ్‌ప్రెస్‌లో అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ను చూపించొద్దని కోరే ఒక టిక్కు ఉంటుంది. అది అలాగే ఉండిపోతే సైట్ మీకు, మీ కస్టమర్లకు బాగానే తెరుచుకుంటుంది, గూగుల్‌లోంచి మాత్రం పేజీలు ఒక్కొక్కటిగా మాయమవుతాయి. ‘నోఇండెక్స్’ తీశావా, ‘రోబోట్స్’ ఫైల్‌లో సైట్‌ను ఆపేసిన వరుస తీశావా అని డిజైనర్‌ను అడగండి. ఈ రెండు మాటలు మీ నోటి నుంచి వస్తే అతనూ కాస్త సర్దుకుని కూర్చుంటాడు.

హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ సరిగా ఉందో లేదో చూడండి. లేకపోతే బ్రౌజర్ ‘ఈ సైట్ సురక్షితం కాదు’ అంటుంది, వచ్చినవాళ్లు అక్కడి నుంచే వెనుదిరుగుతారు. దీనికి వేలు ఖర్చుపెట్టక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థ ఉచితంగానే ఇస్తుంది. దాని గడువు కొద్ది నెలలే కాబట్టి దానంతటదే రెన్యువల్ అయ్యేలా పెట్టించుకోవాలి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. గూగుల్ ఇప్పుడు మీ సైట్‌ను కంప్యూటర్‌లో కనిపించినట్టు కాదు, ఫోన్‌లో కనిపించినట్టే చదువుతుంది. ఈ మార్పును 2016లో ప్రకటించి, 2023 అక్టోబరు నాటికి దాదాపు పూర్తి చేసింది. కంప్యూటర్‌లో పూర్తి మెనూ చూపించి, ఫోన్‌లో ‘స్థలం లేదు’ అని సగం దాచేస్తే, గూగుల్ దృష్టిలో ఆ సగం లేనట్టే. వేగం కూడా చూస్తుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. 10 ఎంబీ ఫొటోలతో హోమ్ పేజీ నింపితే అది కుదరదు.

రాత పోతే ర్యాంకు పోతుంది

రీడైరెక్టులు అన్నీ సరిగ్గా పెట్టినా ర్యాంకు పడిన సైట్లు ఉంటాయి. వాటిలో కారణం సాంకేతికం కాదు, రాత.

పాత మెనూ పేజీలో ఏముండేదో గుర్తు తెచ్చుకోండి. పులిహోర, బొబ్బట్లు, గుత్తి వంకాయ, ముద్దపప్పు ఆవకాయ అని నలభై వంటకాల పేర్లు. ప్లేటు ధర. ఎంతమందికి తగ్గకుండా తీసుకుంటారు. ఏయే ప్రాంతాలకు పంపుతారు. చూడ్డానికి కిరాణా చీటీలా ఉన్నా, జనం వెతికే మాటలన్నీ అందులో ఉన్నాయి. కొత్త పేజీలో ఏముంది? అరటాకు మీద పెద్ద ఫొటో. దాని మీద ‘మీ సంతోషమే మా లక్ష్యం’. మెనూ కావాలంటే పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోవాలి, లేదా అది ఒక బొమ్మగా ఉంది. ‘గుత్తి వంకాయ క్యాటరింగ్’ అని వెతికిన మనిషికి ఈ పేజీని గూగుల్ ఎందుకు చూపించాలి?

పాత రాతను యథాతథంగా ఉంచమని కాదు, అందులోని సమాచారాన్ని వదలొద్దు. ధరలు, ప్రాంతాలు, ఫోన్ నంబరు, తరచూ అడిగే ప్రశ్నలు బొమ్మలో కాకుండా అక్షరాల్లోనే ఉండాలి. ప్రతి పేజీకి దాని సొంత శీర్షిక ఉండాలి. కొత్త సైట్లలో అన్ని పేజీల శీర్షికా ‘హోమ్’ అనో, డిజైనర్ పెట్టిన నమూనా పేరో ఉండిపోవడం కనిపిస్తుంటుంది.

పాత సైట్‌లో తెలుగు పేజీలు ఉంటే వాటిని కొత్తదాంట్లో తీసేయకండి. ‘ఇంగ్లిష్ ఉంటే చాలు సార్, ప్రొఫెషనల్‌గా ఉంటుంది’ అనే సలహా వినిపిస్తుంది. ఫోన్‌తో మాట్లాడి తెలుగులో వెతికేవాళ్లు ఇప్పుడు మన ఇళ్లలోనే ఉన్నారు. అయితే ఒక చిక్కు ఉంది. చాలా పాత తెలుగు సైట్లు యూనికోడ్ కాని ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగు, గూగుల్‌కు మాత్రం అర్థంలేని గుర్తుల వరుస. మీది అలాంటిదైతే కొత్త సైట్‌లోకి కాపీ చేయకుండా యూనికోడ్‌లోకి మార్పించండి. ఇక్కడ మార్పు వల్ల ర్యాంకు పోవడం కాదు, ఎన్నడూ లేని ర్యాంకు రావచ్చు.

పేరు, డొమైన్ మారుతుంటే

వ్యాపారం పేరు మార్చుకుని కొత్త డొమైన్ తీసుకుంటే పైన చెప్పిన 301 పనంతా చేయాలి, అదనంగా ఇంకొకటి ఉంది. సెర్చ్ కన్సోల్‌లో ‘ఛేంజ్ ఆఫ్ అడ్రస్’ అనే సదుపాయం ఉంటుంది. పాత, కొత్త డొమైన్లు రెండూ మీ ఖాతాలో నిరూపించుకుని ఉండాలి. ముందు రీడైరెక్టులు పెట్టి, తర్వాత అక్కడ చెప్పాలి. ఆ సూచన 180 రోజులు అమల్లో ఉంటుంది. అదే డొమైన్ లోపల పేజీల పేర్లు మార్చినప్పుడు, హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మారినప్పుడు దీన్ని వాడకూడదు.

పాత డొమైన్‌ను మాత్రం వదిలేయకండి. ‘ఇక దాంతో పనేముంది, ఏడాదికి వెయ్యి దండగ’ అని రెన్యువల్ మానేస్తే రీడైరెక్టులన్నీ ఆ రోజే చచ్చిపోతాయి. ఆ పేరును ఇంకెవరైనా కొనుక్కుని, మీ పాత లింకుల మీదకు వచ్చేవాళ్లకు జూదం సైట్ చూపించినా ఆశ్చర్యం లేదు. పాత డొమైన్ మీద ఈమెయిల్ ఉంటే మరీ ప్రమాదం. బ్యాంకుకు, జీఎస్టీకి ఇచ్చిన మెయిల్ అదే అయ్యుంటుంది.

పేరు మారినా జనం నాలుక మీద పాత పేరే కొన్నాళ్లు ఉంటుంది. తెలంగాణలో ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూ భారతి వచ్చింది. కాయితం మీద పేరు ఒక్కరోజులో మారింది, ‘ధరణిలో చూశావా’ అనే మాట అంత తొందరగా పోదు. మీ వ్యాపారానికీ అంతే. కొత్త సైట్‌లో ‘ఇంతకుముందు ఫలానా పేరుతో’ అని ఒక వాక్యం స్పష్టంగా రాసి ఉంచండి.

పడిపోయింది, ఇప్పుడేం చేయాలి?

మొదటి రెండు మూడు వారాలు ర్యాంకు ఎగుడుదిగుడుగా ఉండటం మామూలే. కంగారుపడి పాత సైట్‌ను మళ్లీ పెట్టించి, వారం తర్వాత కొత్తది పెట్టించి, ఇలా అటూ ఇటూ తిప్పితే గూగుల్ ఇంకా అయోమయంలో పడుతుంది. తప్పు ఏదో తెలిశాక దాన్ని మాత్రమే సరిచేయండి.

తెలుసుకోవడం ఎలా? సెర్చ్ కన్సోల్‌లో ‘పేజెస్’ నివేదిక తెరవండి. ఏ పేజీలు గూగుల్‌లో లేవో, ఎందుకు లేవో అక్కడ కారణంతో సహా ఉంటుంది. ‘నోఇండెక్స్’ అని ఉంటే తలుపు తీయలేదన్నమాట. ‘404’ల సంఖ్య సైట్ మార్చిన రోజు నుంచి పెరిగి ఉంటే రీడైరెక్టులు పెట్టలేదు. ‘యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్’లో ఒక ముఖ్యమైన పేజీ చిరునామా ఇస్తే గూగుల్ దాన్ని ఎలా చూస్తోందో చెబుతుంది, మళ్లీ చూడమని కోరవచ్చు కూడా. కొత్త సైట్‌మ్యాప్ కూడా అక్కడే సమర్పించాలి.

నిజంగా అల్గారిథమే మారిందా అన్నదీ చూసుకోవచ్చు. గూగుల్ పెద్ద మార్పులు చేసినప్పుడు తన సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డులో తేదీలతో ప్రకటిస్తుంది. మీ క్లిక్కులు పడిన రోజు ఆ తేదీతో కలుస్తోందా, లేక మీరు సైట్ మార్చిన రోజుతో కలుస్తోందా? గ్రాఫ్ చూస్తే మీకే తెలిసిపోతుంది. డిజైనర్‌తో వాదన కూడా అక్కడితో ముగుస్తుంది.

ఈ సమయంలోనే ‘నెలకు 15 వేలివ్వండి, మొదటి స్థానం గ్యారంటీ’ అనే ఫోన్లు వస్తాయి. మొదటి స్థానాన్ని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సూచనల్లోనే రాసిపెట్టింది. ఆ మాట అన్నవారికి డబ్బు ఇవ్వకపోవడమే మంచిది.

మ్యాప్‌లో ఉన్నది వేరే సంగతి

‘నా దగ్గర్లో క్యాటరింగ్’ అని వెతికితే పైన మ్యాప్‌తో కనిపించేది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. అది మీ వెబ్‌సైట్ కాదు. సైట్ మార్చినప్పుడు అందులో ఉన్న వెబ్‌సైట్ లింకును కూడా మార్చాలి. దుకాణం ఇల్లు మారితే ఉన్న ప్రొఫైల్‌లోనే చిరునామా సవరించండి. కొత్త ప్రొఫైల్ తెరిస్తే ఇన్నేళ్ల రివ్యూలు పాతదాంట్లోనే ఉండిపోతాయి.

ఈ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఒకప్పుడు ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైట్ కూడా ఇచ్చేది. ఎంతోమంది చిన్న వ్యాపారులు దాన్నే తమ సైట్‌గా వాడుకున్నారు, బోర్డుల మీద రాయించుకున్నారు. 2024 మార్చిలో గూగుల్ వాటన్నింటినీ ఆపేసింది. అదే ఏడాది జూన్ 10 వరకు ఆ లింకులను ప్రొఫైల్‌కు మళ్లించి, తర్వాత అదీ మానేసింది. సొంత డొమైన్ లేనివారికి అక్కడితో పాత చిరునామా పోయినట్టే. ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉందిగా అనుకునేవాళ్లు ఈ సంఘటన ఒకసారి తలుచుకోవాలి.

డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

ఇంత చెప్పాక అసలు ప్రశ్న ఇది. డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో ఉందా? డిజైనర్ తన ఖాతాలో కొని మీకిచ్చి ఉంటే, కాగితం మీద యజమాని అతనే. అతనితో చెడితే సైట్ మార్చడం, రీడైరెక్టులు పెట్టడం మాట అటుంచి, పేరు కూడా మీది కాకుండా పోతుంది. మిగతా పనులన్నింటికన్నా ముందు మీ పేరు మీద రిజిస్ట్రార్ దగ్గర ఒక ఖాతా తెరిచి, డొమైన్‌ను అందులోకి బదిలీ చేయించుకోండి. డాట్ కామ్ వంటివాటిలో యజమాని అడిగితే బదిలీ కోడ్‌ను రిజిస్ట్రార్ ఐదు రోజుల్లో ఇవ్వాలి.

డాట్ కామ్ గడువు ముగిసే ముందు రిజిస్ట్రార్ కనీసం రెండుసార్లు, సుమారు నెల ముందు, వారం ముందు, గుర్తుచేయాలన్నది ఐకాన్ నిబంధన. ముగిశాక ఐదు రోజుల్లోపు ఇంకోసారి. ఆ మెయిళ్లు ఎవరికి వెళ్తున్నాయి? ఏడేళ్ల కిందట పని మానేసిన ఉద్యోగి ఇన్‌బాక్స్‌కు కావచ్చు. గడువు దాటి పేరు రద్దయ్యాక కూడా 30 రోజులు తిరిగి తెచ్చుకునే అవకాశం ఉంటుంది, కాకపోతే రుసుము చాలా ఎక్కువ.

డాట్ ఇన్, తెలుగు లిపిలోని డాట్ భారత్ డొమైన్ల రిజిస్ట్రీని నడిపేది నిక్సీ. పూర్తి పేరు నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద పనిచేస్తుంది. మీ ట్రేడ్‌మార్క్ పేరును వేరేవాళ్లు దురుద్దేశంతో డాట్ ఇన్‌లో నమోదు చేసుకుంటే, ఐఎన్‌డీఆర్‌పీ అనే విధానం కింద అక్కడ ఫిర్యాదు చేయవచ్చు, మధ్యవర్తి విచారిస్తారు. దీనికి రుసుము ఉంటుంది. పేరు మీద మీకు హక్కు ఉందని చూపాల్సిందీ మీరే.

డబ్బు తీసుకుని పని చేయని డిజైనర్ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు. అయితే ఇది వ్యాపారం కోసం తీసుకున్న సేవ కదా అనే అభ్యంతరం వినియోగదారుల కమిషన్‌లో రావచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందే వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా పెట్టుకోండి: డొమైన్ నాది, పాస్‌వర్డ్‌లు అప్పగించాలి, పాత పేజీలకు 301 పెట్టాలి, ఆఖరి వాయిదా అవన్నీ పరీక్షించాకే.

డొమైన్ పేరుతో మోసపోయి డబ్బు పంపేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఈ మోసాల్లో రెండు బాగా తిరుగుతున్నాయి. ఒకటి, అచ్చం బిల్లులా ఉండే రెన్యువల్ మెయిల్, మీ రిజిస్ట్రార్ కాని ఇంకెవరి నుంచో వస్తుంది. రెండోది, ‘మీ కంపెనీ పేరుతో చైనాలో డొమైన్ నమోదుకు ఎవరో దరఖాస్తు చేశారు, మీకు అభ్యంతరమైతే వెంటనే డబ్బు కట్టండి’ అని వచ్చేది. ఎల్‌బీ నగర్ క్యాటరింగ్ పేరు చైనాలో ఎవరికి కావాలి? ఆ మెయిల్‌కు జవాబు ఇవ్వకుండా డిలీట్ చేయండి.